ఎవరి కుర్చీ ఎక్కడ

"పేజీలో ఏం రాసి ఉందో ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను.

మంచం మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పిల్ల తలెత్తలేదు. పదిహేడేళ్లుంటాయి. పుట్టినప్పటినుంచీ ఒకటే కిచకిచలని ఇంట్లో పిచ్చుక అని పిలుస్తారట. రెండు రోజులుగా ఆ పిచ్చుక నోరు విప్పలేదు, ముద్ద ముట్టలేదు. తండ్రి లాకప్పులో ఉన్నాడు. తల్లి గుమ్మం పట్టుకుని నిలబడి, నా చేతిసంచీలోంచి ఆవిడ మొగుణ్ణి తీసి ఇస్తానన్నట్టు నాకేసే చూస్తోంది.

"చెప్పవే పిచ్చుకా. నాన్న కోసమే కదా లాయరుగారు వచ్చింది" అంది తల్లి.

"రాలేదని ఉంది."

"రాలేదు అన్న మాటే ఉందా?"

"మీ దరఖాస్తు మూసివేశాం అని ఉంది. అంతే చూశాను. చుట్టూ అందరూ అరుస్తున్నారు. ల్యాప్‌టాప్ మూసేశాను."

"తర్వాత మళ్లీ తెరిచావా?"

"దేనికి? ఇంకోసారి చదువుకుని ఏడవడానికా?"

అక్షరాలు దిద్దే వయసు నుంచీ ఒకే ఒక్క కాలేజీ పేరు చెవిలో జపం చేసి, చివరికి ఒక్క ముక్కతో తలుపు వేసేస్తే, ఆ తలుపు మళ్లీ తట్టాలని ఎవరికి ఉంటుంది?

జరిగింది ఇదీ. పిచ్చుక చదివేది పేరున్న ప్రైవేటు బడి. అక్కడి పిల్లల ఇళ్లల్లో పెద్ద కాలేజీ అంటే ఒకటే, మిగతావన్నీ ఉత్త కాలేజీలు. ఆ పెద్ద కాలేజీ ఫలితాలు మొన్న సాయంత్రం ఐదింటికి వచ్చాయి. అయితే ఈ బడిలో ఎవరింట్లో వాళ్లు చూసుకోవడం కుదరదు. మధ్యాహ్నమే పిల్లల ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ తీసుకుని హాల్లో పెట్టి తాళం వేస్తారు. ఆరింటికి తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి, అడ్మిషన్ల సంగతులు చూసే కౌన్సెలర్ మేడమ్ గంట కొడితే, పిల్లలందరూ ఒక్కసారే తెరవాలి. అదంతా వీడియో తీస్తారు. నవ్వే ముఖాలు ఉంచి, ఏడ్చే ముఖాలు కత్తిరించి, వచ్చే ఏడు కొత్త తల్లిదండ్రులకి చూపిస్తారు. ఈ ఆనవాయితీ కనిపెట్టిన మహానుభావుడెవరో ఒకసారి కనిపిస్తే నాలుగు చీవాట్లు పెట్టాలని ఉంది నాకు.

మొన్న మాత్రం మేడమ్ గంట కొట్టడానికి రాలేదు. ప్రిన్సిపాలే కొట్టాడు. ఆ గోలంతా సద్దుమణిగాక చూస్తే ఆవిడ వెనక మెట్ల కింద తల పగిలి పడి ఉంది. ఊపిరి మాత్రం ఆడుతోంది. ఇప్పటికీ ఆసుపత్రిలో స్పృహ లేదు. పిచ్చుక తండ్రి పళ్ల డాక్టరు. అంతకు వారం ముందు, అందరూ వింటుండగా, "మా అమ్మాయికి రాకపోతే మీ సంగతి చూస్తా" అని మేడమ్ మీద ఎగిరాడు. మొన్న ఆరు కాకముందు, మేడమ్ గది ఉన్న పై అంతస్తు నుంచి దిగుతూ వీడియో తీసే అతని కంటపడ్డాడు. పోలీసులు అడిగితే కారు పార్కు చేస్తున్నానని చెప్పాడు. ఇంకేముంది, బేడీలు పడ్డాయి.

"మీ ఆయన పైకి ఎందుకెళ్లారు?" తల్లిని అడిగాను.

"క్షమాపణ అడగడానికండీ. అన్న మాట తప్పేనని వారం నుంచీ కుమిలిపోతున్నారు. తలుపు తడితే లోపల ఎవరూ పలకలేదట. మళ్లీ మేడమ్ జోలికి వెళ్లనని పిచ్చుకకి మాటిచ్చారు, అందుకని దానితో కారు పార్కు చేస్తున్నానని చెప్పారు. పోలీసులు అడిగినప్పుడు ఇది పక్కనే ఉంది. అదే అబద్ధం అక్కడా చెప్పేశారు." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "సీటు పోతే పోయింది. మనిషిని ఇప్పించండి చాలు."

"ఫలితం ఐదింటికే వచ్చింది కదా. మీరిద్దరూ ఎక్కడైనా ముందుగా చూశారా?"

"ఎలా చూస్తామండీ, పాస్‌వర్డ్ ఇది చెబితే కదా! కాళ్లావేళ్లా పడి అడిగాను."

"మేడమ్ ఒట్టు వేయించుకున్నారు, ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని" అంది పిచ్చుక. "తెలిస్తే రోజుకి పదిసార్లు తెరిచి మీ ప్రాణాలు తోడేస్తారు అన్నారు. క్లాసులో ఎవ్వరూ చెప్పలేదు. మాకూ మేడమ్‌కీ తప్ప ఎవరికీ తెలియదు."

"మేడమ్‌కి ఎందుకు?"

"సర్టిఫికెట్లవీ మేం మర్చిపోతామని ఆవిడే కాలేజీ సైటులో పెడతారు."

ఇక వెళదామని లేచాను. పిచ్చుక గోడకేసి చూస్తూ తనలో తాను గొణిగింది. "నా పక్కనే బాస్కెట్‌బాల్ కెప్టెన్ కూర్చుంది. దానికి వచ్చింది. రిబ్బన్లు పడలేదని ముఖం మాడ్చుకుంది. సీటు చాల్లేదు మహాతల్లికి, రిబ్బన్లు కూడా కావాలట."

"రిబ్బన్లేమిటి?"

"సీటొస్తే తెర మీద రంగు రిబ్బన్లు రాలతాయి, పాట వస్తుంది. మొదటిసారి తెరిచినప్పుడే. మళ్లీ తెరిస్తే ఉత్త ఉత్తరమే ఉంటుంది. వేరే బడుల పిల్లలందరూ వీడియోలు పెడతారు. మా బడిలో ఎవరికీ ఎప్పుడూ పడవు. ఇంటర్నెట్ నెమ్మది అంటారు ప్రిన్సిపాల్ సార్."

నేను మళ్లీ కూర్చున్నాను. తర్వాత లేచాను. తల్లి కంగారుగా చూసింది.

"దీనికి కాస్త మజ్జిగైనా పట్టించండి. నేను బడికి వెళుతున్నాను" అన్నాను.

*

ప్రిన్సిపాల్ ఇస్త్రీ మడత నలగని మనిషి. మేడమ్ ప్రాణం కన్నా వచ్చే ఏడు చేరబోయే పిల్లల గురించే ఎక్కువ బెంగగా ఉన్నట్టు కనిపించాడు. వీడియో అడగ్గానే బడి కోసం తయారుచేసిన ముక్క పెట్టబోయాడు.

"కత్తిరించనిది" అన్నాను.

"అందులో అంతా ఏడుపులేనండీ."

"ఏడుపులే నా వృత్తి. పెట్టండి."

ఆయన పెడుతుండగా తలుపు ధడాలున తెరుచుకుంది. తట్టే అలవాటు లేని మనిషి ఈ ఊళ్లో ఒక్కడే. ఈ కేసు చూస్తున్న ఇనస్పెక్టరు. ఆయన కొడుకూ పిచ్చుక క్లాసే. మొన్న సాయంత్రం తండ్రి హోదాలో స్టేషన్ నుంచి యూనిఫారంలోనే వచ్చాడు, అక్కడే కేసు దొరికింది, గంటలో డాక్టర్ని పట్టుకున్నాడు. రెండు రోజులుగా ఆ మీసం కిందికి దిగడం లేదు.

"ఏం అక్కగారూ, ఇక్కడిదాకా వచ్చారే! మోకాళ్లెలా ఉన్నాయి?"

నన్ను అక్కగారూ అనడం ఇతగాడికో సరదా. వినేసరికి నాకు ఒళ్లు మండుతుంది. ఆ సంగతి తెలిసే అంటాడు.

"మోకాళ్లు బాగానే ఉన్నాయి. మీ కేసే కుంటుతోంది."

"బెదిరించాడు. పైకెళ్లాడు. అబద్ధం చెప్పాడు. ఇంకేం కావాలి మీకు, మేళతాళాలా?"

"తోసేంత కోపం రావాలంటే కూతురికి రాలేదని ముందు తెలియాలి కదా. ఆరుదాకా ఆ పిల్లకే తెలియదు. తండ్రికెలా తెలుస్తుంది?"

"పాస్‌వర్డ్ చెప్పి ఉంటుంది. ఏ కూతురు తండ్రికి చెప్పదు?"

"మీ అబ్బాయి మీకు చెప్పాడా?"

మీసం ఒక్క క్షణం ఆగింది. "మావాడి సంగతి వేరు."

"ఎవరి పిల్లల సంగతి వాళ్లకి వేరే. కూర్చోండి, సినిమా చూద్దాం."

గంట మోగింది. తెర మీద పిల్లలు ఒక్కసారిగా వంగారు. బాస్కెట్‌బాల్ కెప్టెన్ ఎగిరి గంతేసింది. ఆమె ల్యాప్‌టాప్ కెమెరాకి బాగా కనిపిస్తోంది. తెల్లటి పేజీ మీద ఉత్తరం, అంతే. వెనక వరసలో ఇంకో పిల్లాడు అరిచాడు. అక్కడా ఉత్తరమే. ఇంకో పిల్ల తల్లి మెడ కావలించుకుంది. ఎక్కడా ఒక్క రిబ్బను రాలలేదు.

"ఇంటర్నెట్..." అని ప్రిన్సిపాల్ మొదలుపెట్టాడు.

"మీ ఇంటర్నెట్‌ని ఆడిపోసుకోకండి పాపం. వీళ్లందరి పేజీలూ ఇంతకు ముందే ఒకరు తెరిచి చూశారు. అందరి పాస్‌వర్డ్‌లూ తెలిసిన మనిషి ఒక్కరే. పోయినేటి వీడియో పెట్టండి. అంతకు ముందుదీ."

ఇనస్పెక్టరు ఆవలించాడు. నేను పాత వీడియోల్లో పిల్లల్ని చూడడం మానేసి కుర్చీలు చూశాను. ప్రతి కుర్చీకీ వెనక పేరు రాసిన అట్టముక్క ఉంది. హాలుకి ఎడమవైపు ఒక చిన్న తలుపు, తోటలోకి. ఆ తలుపు పక్కన కూర్చున్నవాళ్లు ప్రతి ఏడూ ఒకే పని చేశారు. పిల్ల మూత వేస్తుంది, తండ్రి భుజం మీద చెయ్యి వేస్తాడు, ముగ్గురూ ఎవరి కంటా పడకుండా ఆ తలుపులోంచి వెళ్లిపోతారు. ఏ ఏడూ ఆ తలుపు పక్కన కూర్చున్న ఒక్క పిల్లా నవ్వలేదు.

"ఈ పేర్ల అట్టలు ఎవరు పెడతారు?"

"మేడమేనండీ. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వదు."

"ఎప్పుడు?"

ప్రిన్సిపాల్ తలుపు వైపు ఓసారి చూశాడు. "ఐదు దాటాక. గదిలోంచి వచ్చి, పెట్టి, మళ్లీ పైకి వెళుతుంది. చూడండి, ఇది కాగితం మీద పెట్టకండి. చాలా ఏళ్ల క్రితం ఒక పిల్లవాడికి రాలేదు. హాలు మధ్యలో ఇరుక్కుపోయాడు. నవ్వేవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ, పడుతూ లేస్తూ బయటికి పరిగెత్తాడు. ఆ తర్వాత వాడు మళ్లీ బడికి రాలేదు. ఎక్కడికీ రాలేదు." ఆయన వీడియో ఆపేశాడు. "అప్పటినుంచీ ఆవిడ అందరివీ ముందే చూస్తుంది. రానివాళ్లని తలుపు పక్కన కూర్చోబెడుతుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను."

ఆ మేడమ్‌ని నేను కళ్లతో చూడలేదు గానీ, ఆ క్షణాన చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"ఇప్పుడు మొన్నటి వీడియో మళ్లీ పెట్టండి. డాక్టరుగారి కుటుంబం ఎక్కడుందో చూపించండి."

ఆయన వేలు తెర మీద వెతికింది. తలుపు దగ్గర లేరు. ముందు వరస, నట్టనడుమ. కెప్టెన్ పక్కన.

నేను ఫోన్ తీసి పిచ్చుక తల్లికి కలిపి, అందరికీ వినిపించేలా పెట్టాను. "అమ్మాయి చేత ఆ పేజీ తెరిపించండి. ఏడవనివ్వండి, ఫరవాలేదు. పై నుంచి కింది దాకా చదవాలి."

మూత తెరిచిన చప్పుడు, మీటలు నొక్కిన చప్పుడు. పిచ్చుక గొంతు సన్నగా, తడబడుతూ వచ్చింది.

"మీకు... మీకిచ్చిన సీటు వద్దని మీరు తెలిపారు. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం. మీ దరఖాస్తు మూసివేశాం." ఆగింది. "నేను వద్దనలేదు. అమ్మా, నేనేం అనలేదు! అంటే... నాకు వచ్చిందా?"

"వచ్చిందమ్మా" అన్నాను. "నువ్వు తెరిచేలోపే ఎవరో వద్దని నొక్కేశారు."

అవతల తల్లి ఏడుపు వినిపించింది. ఆ పిల్ల మాత్రం ఏడవలేదు. "మరి నాన్న నన్ను చూసి ఏడుస్తూ కూర్చున్నారు ఆ రోజు. ఏం ఫరవాలేదురా అంటూనే ఏడ్చారు. ఆయనకెవరు చెబుతారు?" అంది. నేనే చెబుతాలే అని ఫోన్ పెట్టేశాను.

ఇనస్పెక్టరు ఆవలింతలు ఆగిపోయాయి. అయినా పట్టు వదిలే రకం కాదు. "సరే, ఎవరో నొక్కారు. డాక్టరే..."

"సొంత కూతురి సీటా? నోటికొచ్చిందల్లా అనకండి. పైన గది సీలు తీయించండి."

*

మేడమ్ గది చిన్నది. గోడ నిండా పిల్లల ఫోటోలు, వచ్చినవాళ్లవీ రానివాళ్లవీ కలిపే. బల్ల మీద కంప్యూటరు ఆపేసి ఉంది. పక్కన నీళ్ల జగ్గు, నిండా పోసిన గ్లాసు ఒకటి. ఎవరూ తాగలేదు.

"మీరొచ్చినప్పుడు ఇలాగే ఉందా?"

"కంప్యూటరు ఆపించాను, అంతే. మిగతా ఏదీ ముట్టుకోలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి కాదు నేను."

"అయితే ఈ కుర్చీ చూడండి. వచ్చినవాళ్లు కూర్చునేది. బల్లకి అటువైపు ఉండాలి. ఇటు లాక్కొచ్చి ఆవిడ కుర్చీ పక్కన వేశారు. ముక్కు తుడుచుకునే కాగితాల డబ్బా కూడా ఇటే జరిపి ఉంది. కొట్టడానికొచ్చిన మనిషిని ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుంటారా?"

ఆయన వంగి కుర్చీ కాళ్లు చూశాడు.

"ఆవిడే పిలిచింది. పిలిచి, పక్కన కూర్చోబెట్టి, తెర చూపించి, మెల్లగా నచ్చజెప్పింది. ఆ మనిషి ఏడ్చింది. అటెండరు అప్పటికి హాల్లో ఉన్నాడు కాబట్టి నీళ్లు తేవడానికి తనే వెళ్లింది. వరండా ఆ చివరి దాకా వెళ్లి రావాలి. అంతసేపూ ఆ మనిషి ఈ తెర ముందు ఒంటరిగా ఉంది. అందరి పేజీలూ ఇందులోనే తెరిచి ఉన్నాయి. ఒక్క మీట నొక్కితే చాలు. మేడమ్ తిరిగొచ్చి, గ్లాసులో నీళ్లు పోసి, తెర చూసింది. చూసి, కిందికి ప్రిన్సిపాల్ దగ్గరికి పరిగెత్తింది. దగ్గర దారి వెనక మెట్లే. ఆ మనిషి వెనకాలే వెళ్లి అక్కడ తోసేసింది. డాక్టరు వచ్చి తట్టేసరికి గదిలో ఎవరూ లేరు."

"కథ బాగుంది అక్కగారూ. ఆ మనిషెవరు?"

"వచ్చినవాళ్లని ముందే పిలవక్కర్లేదు. రానివాళ్లకి తలుపు పక్కన చోటుంది. ఇటూ అటూ కానివాళ్లుంటారు కదా ప్రిన్సిపాల్‌గారూ? వాళ్లనేం చేస్తుంది?"

ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకుంటున్నాడు. "వెయిటింగ్ లిస్టు వాళ్లా? వాళ్లదే అన్నిటికన్నా కష్టం అనేది. రానివాళ్లు ఏడ్చి ఊరుకుంటారు, వీళ్లకి ఏడుపూ ఉండదు, నిద్రా ఉండదు అని. వాళ్లని వెనక వరసలో పెట్టి, పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉంచుతుంది. గంట కొట్టాక తనే వెళ్లి వాళ్ల పక్కన కూర్చుంటుంది. ఈమధ్య తల్లి బాగా సున్నితమైతే ముందే పిలిచి చెబుతోంది."

"ఒకరు సీటు వద్దంటే అది ఎవరికి పోతుంది?"

"ఎవరికైనా పోవచ్చండీ. ఏ బడి పిల్లలకైనా. కాకపోతే మా తల్లిదండ్రులందరూ అది ఈ బడికే తిరిగొస్తుందని, ఇక్కడ వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకే ఇస్తారని అనుకుంటారు." నేల చూపులు చూశాడు. "మేమూ కాదని ఎప్పుడూ చెప్పలేదు. బడికి మంచి పేరు కదా అని."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మంచి పేరట! ఆ పేరు కోసం ఊరుకున్నందుకు ఒక ఆడమనిషి తల పగిలింది. ఆయన్ని తర్వాత కడుగుదాంలే అనుకుని నా ఫోన్లోకి ఎక్కించుకున్న వీడియో తీశాను. వెనక వరస దాకా జరిపాను. గంట మోగకముందు ఆ వరసలో ఒకే ఒక ఖాళీ కుర్చీ ఉంది. దాని పక్కన ఒకావిడ, ఆవిడ పక్కన ఒక కుర్రాడు. గంట మోగిన కాసేపటికి తలుపులోంచి యూనిఫారంలో ఒక మనిషి గబగబా వచ్చాడు, అటూ ఇటూ చూసి, ఆ ఖాళీ కుర్చీలో కూర్చున్నాడు.

ఫోన్ ఇనస్పెక్టరు చేతికిచ్చాను. నోటితో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆయన చాలాసేపు చూశాడు. ఆపి, మళ్లీ మొదటినుంచి చూశాడు. ఈ మనిషితో ఎన్నో ఏళ్లుగా కాట్లాడుకుంటున్నాను, ఏనాటికైనా ఈ మీసం దించాలని మొక్కుకున్నదాన్నే. దిగింది. నాకు ఇసుమంతైనా సంతోషం కలగలేదు.

"ఆ కుర్చీ నాకోసం ఉంచారనుకున్నాను" అన్నాడు.

"మీవాడికి వెయిటింగ్ లిస్టు వచ్చిందా?"

తలూపాడు. "ఆ రోజు మా ఆవిడ ముందుగానే వచ్చింది. హాలు సర్దడానికి తల్లులు కొందరు వస్తారు కదా. నేనొచ్చేసరికి చేతులు చల్లగా ఉన్నాయి. ఏసీ ఎక్కువైందంది." గోడకి ఆనుకున్నాడు. "నిన్న పొద్దున వాడు అన్నం తినకపోతే బతిమాలింది. ఊరికే బెంగపడకురా, ఒక సీటు ఖాళీ అయింది, అది నీకే వస్తుంది అంది. నాకు నవ్వొచ్చింది. పిల్లాడి మనసు కుదుటపడాలని చెబుతోందనుకున్నాను. ఎలా ఖాళీ అయిందని అడగలేదు. రోజూ ఊరందర్నీ ప్రశ్నలడిగేవాణ్ణి, అదొక్కటీ అడగలేదు."

"తమ్ముడూ, ముందు కూర్చో" అన్నాను. నా నోట ఆ పిలుపు ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అది చీమకి కూడా హాని చేసేది కాదక్కా. వాడి చదువు కోసం పన్నెండేళ్లు నిద్ర మానేసింది. వాడు లేచి చదివితే తనూ లేచి కూర్చునేది. వాడికి రాకపోతే నాకు బతుకేముంది అనేది. మాటవరసకి అంటోందనుకున్నాను."

అప్పుడే ప్రిన్సిపాల్ ఫోన్ మోగింది. ఆయన విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"ఆసుపత్రి నుంచి! మేడమ్ కళ్లు తెరిచిందట! మాట ఇంకా రావడం లేదు గానీ మనుషుల్ని గుర్తుపడుతోందట!"

నేను చప్పున అడిగాను. "పక్కన ఎవరున్నారు?"

"ఆవిడకి నా అన్నవాళ్లు లేరు కదండీ. తల్లుల గ్రూపు వాళ్లు వంతులేసుకుని కూర్చుంటున్నారు. పిల్లల్ని దింపడానికి వంతులేసుకుంటారు చూడండి, అలాగే. ఈ మధ్యాహ్నం వంతు..." ఆయన ఇనస్పెక్టరు వైపు చూసి మాట మింగేశాడు.

"గుమ్మంలో కానిస్టేబులున్నాడా?" అని అరిచాను.

"నిందితుడు దొరికాడు కదాని పొద్దున్నే తీసేశాను" అన్నాడు ఇనస్పెక్టరు. అంటూనే ఫోన్ నొక్కుతున్నాడు. రెండుసార్లు తప్పు నంబరు పోయింది. మూడోసారి కలిసింది. ఆసుపత్రికి ఎవరినైనా పంపించమని ప్రిన్సిపాల్‌ని గదిలోంచి బయటికి నెట్టాను.

"ఏమండీ" అంది అవతలి గొంతు. అలసిపోయిన, నెమ్మదైన గొంతు. "నేనే చేద్దామనుకుంటున్నాను. మేడమ్ కళ్లు తెరిచారు. నన్ను గుర్తుపట్టారు."

"నర్సేది? నర్సుకి ఫోనివ్వు."

"కాఫీ తాగి రమ్మన్నాను పాపం, పొద్దుటినుంచీ నిలబడే ఉంది. తలుపు గడియ పెట్టాను, ఊరికే ఎవరో ఒకరు వచ్చి చూస్తున్నారు. వాడు తిన్నాడా?"

"నా మాట విను. నువ్వు ఆ గదిలోంచి బయటికి రా. నేను వచ్చేస్తున్నాను, అన్నీ నేను చూసుకుంటాను. ముందు బయటికి రా."

"వస్తానండీ. ఎందుకంత కంగారు? వాణ్ణి కాస్త తినమని చెప్పండి, సీటు వాడికే వస్తుంది." మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "మేడమ్ తల ఒక పక్కకి ఒరిగింది. ఈ దిండొక్కటి సర్దేసి వస్తాను."